స్టాలిన్‌గ్రాడ్ పిండిమిల్లు మా బల్ల మీద: ఎక్స్‌పీఎస్ షీటు కొన్నేళ్ల వాడకం తర్వాత

యుద్ధంలో దెబ్బతిన్న భవనాన్ని ఎక్స్‌పీఎస్ షీటుతో కట్టి, కర్నూలు ఎండల్లో కొన్నేళ్లుగా దాని మీద ఆడుతున్నాం. కట్టిన వారానికే ఫొటోలు పెట్టి మెచ్చుకునే సమీక్షలు చాలా కనిపిస్తాయి. పదిమంది చేతులు పడ్డాక, ఎన్నోసార్లు అటక ఎక్కి దిగాక ఆ మోడల్ ఏమైందో చెప్పేవి తక్కువ. నా తీర్పు ముందే చెప్పేస్తాను: మినియేచర్ వార్‌గేమ్‌కి, అంటే చిన్న సైనికుల బొమ్మలతో బల్ల మీద ఆడే యుద్ధం ఆటకి, ఇటుక గోడలు కట్టాలంటే ఈ షీటును మించింది నేను చూడలేదు. స్తంభాలకు, స్లాబులకు మాత్రం దీన్ని వాడొద్దు.

తెలియనివాళ్ల కోసం ఒక్కమాట. థర్మాకోల్, ఎక్స్‌పీఎస్ రెండూ పాలీస్టైరీనే. థర్మాకోల్‌ని బ్లేడుతో కోస్తే పూసలు పూసలుగా రాలుతుంది. ఎక్స్‌పీఎస్‌లో పూసలు ఉండవు, కోసిన అంచు నున్నగా వస్తుంది, గీసిన గీత గీసినట్టే నిలుస్తుంది. డాబాల మీద వేడి దిగకుండా పరిచే నీలం, గులాబీ రంగు షీట్లు ఇవే. ఇన్సులేషన్ పనులు చేసేవాళ్లను అడిగితే మిగిలిన ముక్కలు ఇస్తారు. ఒక్క భవనానికి ఆ ముక్కలే ఎక్కువ.

మేం ఎంచుకున్నది రష్యాలోని వోల్గోగ్రాడ్‌లో, అంటే అప్పటి స్టాలిన్‌గ్రాడ్‌లో ఉన్న గెర్హార్ట్ మిల్లు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కట్టిన ఆవిరి పిండిమిల్లు అది. విప్లవం తర్వాత దానికి గ్రుదీనిన్ అనే కమ్యూనిస్టు కార్మికుడి పేరు పెట్టారు. రెండో ప్రపంచయుద్ధంలో, 1942 సెప్టెంబరు 14న జర్మన్ల బాంబులు పడి మిల్లు ఆగిపోయింది. ఆ రాత్రే జనరల్ రొదీమ్‌త్సెవ్ నడిపిన సోవియట్ 13వ గార్డ్స్ డివిజన్ వోల్గా నది దాటి నగరంలో దిగడం మొదలుపెట్టింది. ఆ తర్వాత 58 రోజులు ఈ మిల్లు సగం చుట్టుముట్టిన స్థితిలోనే నిలబడింది. రోడ్డుకి అవతల పావ్‌లోవ్ ఇల్లు, అదే యుద్ధంలో సార్జెంట్ పావ్‌లోవ్ పేరుతో ప్రసిద్ధికెక్కిన భవనం. యుద్ధం అయ్యాక ఆ ఇంటిని తిరిగి కట్టారు, మిల్లును మాత్రం బాగుచెయ్యకుండా స్మారకంగా ఉంచేశారు. పక్కనే స్టాలిన్‌గ్రాడ్ యుద్ధ పనోరమా మ్యూజియం ఉంది. మోడల్ కట్టేవాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి? ఏ గోడకు ఎక్కడ దెబ్బ తగిలిందో ఇవాళ్టి ఫొటోల్లో కూడా చూసి కొలుచుకోవచ్చు.

ఈ మిల్లులో నన్ను కట్టిపడేసింది దాని కట్టుబడి. బయట ఎర్ర ఇటుక గోడ, లోపల రీఇన్ఫోర్స్‌డ్ కాంక్రీటు చట్రం. అప్పటికి అది ఆ నగరంలో కొత్త పద్ధతి. అందుకే కప్పు పోయినా, కిటికీలు ఖాళీ అయినా, గోడ నిండా తూట్లు పడినా భవనం మొత్తం కుప్పకూలలేదు. బజారులో దొరికే శిథిలాల కిట్లు చాలావరకు ఒక మూల నుంచి ఇంకో మూలకి కొరికిన బిస్కెట్‌లా ఉంటాయి. చూడ్డానికి బాగుంటాయి గానీ ఇలాంటి చట్రం ఉన్న భవనం అలా కూలదు. చట్రం ఉన్నచోట స్తంభాలు మిగిలి మధ్య గోడ రాలుతుంది. గుండు గోడలోంచి దూసుకుపోతే బయట చిన్న కన్నం, లోపలివైపు పెద్ద గొయ్యి. మంట లేచిన గదికి కిటికీ పైభాగాన మసి పడుతుంది, కింద పడదు. కూలిన ఇటుకలు గోడ మొదట్లోనే గుట్టగా పడి ఉంటాయి, వీధి మధ్యలో సమానంగా పరుచుకోవు. ఈ నాలుగూ సరిగ్గా చూపిస్తే రంగు అంతంతమాత్రంగా ఉన్నా భవనం నిజమనిపిస్తుంది.

మన వైపు పిల్లలకు శిథిలం అంటే గండికోట, గుత్తి కోట. వాటిని చూసి నేర్చుకున్న కన్నుతో స్టాలిన్‌గ్రాడ్ కడితే తేడా కొడుతుంది. కాలం కూల్చిన గోడకు అంచులు అరిగి గుండ్రమవుతాయి, సందుల్లో గడ్డి మొలుస్తుంది, పడిన రాళ్లను ఊళ్లో వాళ్లు ఎప్పుడో ఇళ్లకు వాడేసుకుని ఉంటారు. ఫిరంగి కూల్చిన గోడకు అంచులు పదును, విరిగిన ఇటుక లోపలి రంగు పైదానికంటే ఎరుపు, పడింది పడినచోటే ఉంటుంది. మా అన్న కొడుకు మొదట గోడ సందుల్లో పచ్చగడ్డి అతికిస్తానన్నాడు. ఈ తేడా చెప్పాక ఆ గడ్డిని వేరే మోడల్‌కి దాచుకున్నాడు.

ఇక పని సంగతి. మేం ఆడేది 28 మి.మీ. బొమ్మలతో, అంటే దాదాపు 1:56 స్కేలు. 20 మి.మీ. షీటు ఆ లెక్కన మీటరు పైచిలుకు మందమున్న గోడ. మొత్తం మిల్లు కడితే బల్ల చాలదు, అందుకే ఒక మూల మాత్రమే, మూడంతస్తుల ఎత్తు. నేటి రష్యన్ ఇటుక 250 × 120 × 65 మి.మీ. దాన్ని 56తో భాగిస్తే నాలుగున్నర మి.మీ. పొడవు, 1.2 మి.మీ. ఎత్తు కూడా ఉండదు. అంత సన్నంగా గీస్తే ప్రైమర్ వేయగానే పూడిపోతుంది. ఎత్తు ఒకటిన్నర మి.మీ. పెట్టుకుంటే ఇటుక ఇటుకగానే కనిపిస్తుంది, గీతా నిలుస్తుంది. ముందు స్కేలు పెట్టి అడ్డగీతలు బ్లేడు మొనతో పైపైన కోసి, ఆ కోత వెంట ఇంకు అయిపోయిన బాల్‌పెన్ను నడపాలి. నేరుగా పెన్ను పెడితే షీటు లాగినట్టై గీత వంకరపోతుంది. నిలువు గీతలకు స్కేలు అక్కర్లేదు, చేత్తో వేస్తేనే బాగుంటుంది. తర్వాత వెండి కాగితాన్ని ఉండచుట్టి గోడంతా అద్దితే ఇటుకకు గరుకు వస్తుంది. అక్కడక్కడా ఒక్కో ఇటుకను పెన్ను వెనకతో అరమిల్లీ లోపలికి నొక్కాలి. టైమంతా ఇక్కడే పోతుంది. పోనివ్వాలి, గోడ అందమంతా ఇక్కడే ఉంది.

స్తంభాలకు వడ్రంగి షాపులో దొరికే చెక్క బీడింగ్ వాడాను. స్లాబులకు 5 మి.మీ. సన్‌బోర్డు, అంటే బోర్డులకు వాడే తేలికపాటి ప్లాస్టిక్ పలక, ఫ్లెక్స్ షాపుల్లో కటింగ్ ముక్కలు ఉంటాయి. వేలాడే స్లాబు అంచున బయటపడ్డ ఇనుప ఊచలకు మోటార్ రీవైండింగ్ షాపు నుంచి తెచ్చిన పాత రాగితీగ. అన్నీ ఒకేవైపు వంచాలి, స్లాబు ఎటు జారిందో ఊచలూ అటే వంగుతాయి. శిథిలాల గుట్టకు కోసిన షీటు ముక్కలు, వాటి మీద బేతంచెర్ల నాపరాయి పాలిష్ పట్టేచోట దొరికే పొడి. ఫెవికాల్‌లో నీళ్లు కలిపి దాని మీద చుక్కలుగా పోస్తే గట్టిపడుతుంది. దుకాణాల్లో డబ్బాలో అమ్మే దుమ్ము పౌడర్లకంటే ఈ రాతిపొడి ఎన్నో రెట్లు నయం.

జిగురు విషయంలో మొహమాటం లేకుండా చెబుతాను. సూపర్ గ్లూ, స్ప్రే పెయింటు రెండూ పూత వేయని ఎక్స్‌పీఎస్‌ని కరిగిస్తాయి. ఫెవికాల్ బాగా పట్టుకుంటుంది, కానీ రెండు షీట్ల మధ్య గాలి ఆడదు కాబట్టి ఆరడానికి ఒకరోజు పైనే పడుతుంది. బరువు మోసే కీళ్లకు అరాల్డైట్ వాడండి.

ఇన్నేళ్ల వాడకంలో తేలింది ఇదీ. గోడ మధ్యభాగం చెక్కు చెదరలేదు. గీసిన ఇటుకలు ఈరోజుకీ పదునుగానే ఉన్నాయి. దెబ్బతిన్నవి పై అంచులు, అదీ అందరూ పట్టుకుని ఎత్తేచోట. గోరు దిగిన చోటల్లా రంగు లేచి నీలం కనబడుతుంది. ఫెవికాల్‌లో వాల్ పుట్టీ కలిపి రెండు పూతలు ఇచ్చిన అంచులు మాత్రం అలాగే నిలిచాయి. కాబట్టి విరిగిన అంచులన్నిటికీ ఆ పూత తప్పనిసరి. అట్టతో కట్టిన మా పాత ఇళ్లు అటక మీద చెదల పాలయ్యాయి, వీటి జోలికి చెద రాలేదు. వానాకాలం చెమ్మకు భవనాల అడుగున వేసిన ఎండీఎఫ్ (చెక్కపీచును నొక్కి చేసే పలక) బేసులు ఉబ్బాయి, సన్‌బోర్డు బేసు ఉబ్బలేదు.

ఎండ సంగతి అందరూ అడుగుతారు. మే నెలలో ఇక్కడ 42, 43 డిగ్రీలు మామూలే. ఇంట్లో ఉన్నంతవరకు గోడలకు ఏమీ కాలేదు. టెన్షన్ అంతా కారులోనే. అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారులో వేడి బయటికంటే చాలా ఎక్కువ ఉంటుంది. అలా ఒక మధ్యాహ్నం ఉండిపోయిన మిత్రుడి భవనానికి సన్‌బోర్డు బేసు విల్లులా వంగింది, కీళ్లు విడిపోయాయి. ఆటకు వేరే ఇంటికి తీసుకెళ్లాల్సి వస్తే ఉదయాన్నే తీసుకెళ్లండి.

ఆటలో ఇది ఎలా ఉందన్నదే అసలు పరీక్ష. మా బొమ్మల బేసు 25 మి.మీ. కాబట్టి గుమ్మాలు 35 మి.మీ. పెట్టాను, స్లాబులు అతికించకుండా ఎత్తి పక్కన పెట్టేలా చేశాను. పిడికిలి లోపలికి పోని గది ఎంత అందంగా ఉన్నా ఎవరూ అందులో బొమ్మ పెట్టరు. శిథిలాల గుట్టలో కూడా అక్కడక్కడా చదునైన చోటు వదలాలి, లేకపోతే బొమ్మలు జారి పడుతూనే ఉంటాయి. చట్రం తీరున కూల్చినందుకు కలిసొచ్చింది ఇక్కడే: స్తంభాల మధ్య సందుల వల్ల ప్రతి గదికీ ఒక చూపు, ఒక చాటు దొరుకుతాయి. "అన్నా, ఆ కిటికీలోంచి నావాడు నీకు కనబడతాడా లేదా, వంగి చూసి చెప్పు" అని ఆదివారం ఆటలో ఎన్నిసార్లు వింటానో. వంగి చూస్తే నిజంగానే సగం మనిషి కనబడతాడు, సగం ఇటుక చాటున ఉంటాడు. పాచిక వేసే ముందు వాదన ఉండదు.

ఆడటానికి ముందు కొత్తవాళ్లకు ఆ మిల్లు కథ చెబుతాం. అక్కడ పనిచేసినవాళ్లు, కాపాడినవాళ్లు, దాన్ని పట్టుకోవడానికి వచ్చి చచ్చిపోయినవాళ్లు నిజం మనుషులు. అది తెలిసి ఆడితే పిల్లలు గోడలను జాగ్రత్తగా ముట్టుకుంటారు, ప్రశ్నలు కూడా అడుగుతారు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు 20 మి.మీ. షీటుతో ఒక్క గోడ, రెండు కిటికీలు కట్టి చూడండి. రంగుకి ఇటుక ఎరుపు అక్రిలిక్, మీద ముదురు గోధుమరంగు కలిపిన పల్చటి నీళ్లు, ఆరాక లేత రంగుతో ఎండు బ్రష్ (రంగు దాదాపు తుడిచేసిన బ్రష్‌తో పైపైన రుద్దడం) చాలు. మసికి బొగ్గుపొడి అద్ది, మ్యాట్ వార్నిష్‌ను బ్రష్‌తో వేయండి. ఎక్కువగా చేతులు పడే అంచులకు ఏడాదికోసారి అదే వార్నిష్ మళ్లీ పట్టించాలి.