సిమ్ కొనేటప్పుడు "వేలు ఇంకోసారి పెట్టండి" అన్నారా? అక్కడే ఆగండి

బస్టాండ్ల ముందు గొడుగు వేసుకుని సిమ్‌లు అమ్మేవాళ్ల దగ్గర కొనేవాళ్ల కోసమే ఈ పోస్టు. మా నాన్నగారు అలాంటి చోటే సిమ్ తీసుకున్నారు. కుర్రాడు ఆధార్ నంబరు కొట్టి, మిషన్ మీద బొటనవేలు పెట్టించుకున్నాడు. "సర్వర్ బిజీ అంకుల్, పడలేదు, ఇంకోసారి పెట్టండి" అన్నాడు. పెట్టారు. మొదటిసారే పడిందని మాకు తర్వాత అర్థమైంది.

మన పేరు మీద ఏయే నంబర్లున్నాయో చూపించే ప్రభుత్వ సైట్ సంచార్ సాథీలో నాన్నగారి నంబరు, ఓటీపీ కొట్టి చూస్తే ఆయన పేరు మీద ముక్కూమొహం తెలియని నంబరొకటి ఉంది. "నాది కాదు" అని అక్కడే రిపోర్ట్ చేశాం. కుర్రాణ్ని నిలదీస్తే "కంపెనీవాళ్లని అడగండి సార్" అని చేతులు దులిపేసుకున్నాడు. ఒక మనిషి పేరు మీద 9 సిమ్‌ల దాకా ఇవ్వొచ్చు కాబట్టి ఒకటి ఎక్కువైనా ఎవరూ అడగరు. దాంతో ఎవడైనా మోసం చేస్తే మాత్రం పోలీసులు వచ్చేది మన ఇంటికే.

సిమ్‌తో పోతే పర్లేదు. ఆధార్‌తో డబ్బు తీసే ఏఈపీఎస్‌లో ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర చాలు. ఓటీపీ లేదు, పిన్ లేదు. వేలు కూడా మనదే కానక్కర్లేదు: 2018లో హైదరాబాద్ పోలీసులు పట్టుకున్న ఒక సిమ్ డీలరు రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రలతో రబ్బరు ముద్రలు చేయించి, వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. పాస్‌వర్డ్ అయితే మార్చుకుంటాం, బొటనవేలిని ఏం చేస్తాం?

అందుకే ఎంఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ (మన వేలిముద్ర పనిచేయకుండా ఆపేది) చేసి పెట్టుకోండి, పని ఉన్నప్పుడే తీయండి. వేలు పెట్టాక "పడలేదు" అంటే స్క్రీన్ మీ వైపు తిప్పమనండి, ఎర్రర్ మీ కళ్లతో చూడండి. మైఆధార్ సైట్‌లో ఆథెంటికేషన్ హిస్టరీ ఉంటుంది, మన ఆధార్ ఎప్పుడు వాడారో తేదీ, టైముతో సహా తెలుస్తుంది.

జిరాక్స్ అడిగితే చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. ఈ-ఆధార్ పీడీఎఫ్ వాట్సాప్‌లో పంపమంటారు, అస్సలు వద్దు. దాని పాస్‌వర్డ్ పేరులో మొదటి 4 అక్షరాలు, పుట్టిన సంవత్సరం. అది కూడా ఒక పాస్‌వర్డేనా!

ఖాతాలో డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, బ్యాంకుకి కూడా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. ఊళ్లో ఉన్న అమ్మానాన్నల నంబర్లు కూడా సంచార్ సాథీలో ఒకసారి చూడండి. ఓటీపీ వాళ్ల ఫోన్‌కే వస్తుంది, లైన్‌లో ఉంచుకుని చేయండి.