చిన్నపిల్లలున్న ఇంట్లో: అగ్గిపెట్టా, లైటరా?

కావలిలోనైనా, ఒంగోలులోనైనా బడ్డీకొట్టులో రెండూ పక్కపక్కనే దొరుకుతాయి.

ఖర్చు: అగ్గిపెట్టె చవక. లైటర్ ఎక్కువ రోజులొస్తుంది.

వాడకం: వానాకాలం చెమ్మకు పుల్ల వెలగదు. లైటర్‌కు ఆ బాధ తక్కువ.

ప్రమాదం: నా టెన్షనంతా ఇక్కడే. పుల్ల గీయాలంటే రెండు చేతులు కావాలి, లైటర్‌కు ఒక్క బొటనవేలు చాలు. రంగురంగులుగా ఉంటే పిల్లలు బొమ్మే అనుకుంటారు. అమెరికా 1994 నుంచి, ఐదేళ్లలోపు పిల్లలు సులువుగా వెలిగించలేని డిస్పోజబుల్ లైటర్లనే దిగుమతికి ఒప్పుకుంటోంది. మన దేశం 2023లో 20 రూపాయల లోపు విలువున్న సిగరెట్ లైటర్ల దిగుమతి ఆపింది. అది ధర చూసి పెట్టిన హద్దు, పిల్లల భద్రత పరీక్ష కాదు. అందుకే మీట ఎంత గట్టిగా ఉందో కొనేముందు నొక్కి చూడండి.

నడక నేర్చిన పిల్లలున్న ఇంటికి అగ్గిపెట్టె, అదీ అటక మీద. పడవలో వేటకెళ్లేవాళ్లకు లైటరే మేలు, ఇంటికొచ్చాక పిల్లలకు అందకుండా పెడితే.