పాత పత్రికలను స్కానింగ్‌కు ఇచ్చేముందు ఇది ఒక్కసారి చదవండి

మా ముత్తాతగారు దాచిన వార్తాపత్రికల బైండు పుస్తకాలు మూడు మా దగ్గర ఉన్నాయి. ఆయన గురించీ, ఆయన అన్నదమ్ముల గురించీ వాటిలో వార్తలు పడ్డాయని నాన్న చెబుతుండేవారు. ఏ పేజీలో పడ్డాయో చెప్పగలిగినవాళ్ళు ఇప్పుడు లేరు. పేజీలన్నీ స్కాన్ చేసి, పేరు కొడితే దొరికేలా టెక్స్టుగా మార్చి ఇస్తామంటే ఒక సంస్థ చేతిలో పెట్టాను. డబ్బు పోయింది. ఒక పుస్తకం కుట్టు విప్పేసి విడి కాగితాలుగా తిరిగొచ్చింది. వీటికంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. వంశచరిత్ర కోసం ఇదే పని చేయించబోతున్నవాళ్ళకు అది తెలియాలని రాస్తున్నాను.

ఫైళ్ళు అందిన రోజు అంతా బాగానే కనిపించింది. పీడీఎఫ్ తెరిచి 'సభ' అని కొడితే చాలాచోట్ల దొరికింది. ఆ సంతోషంలో మిగతా బాకీ కూడా చెల్లించేశాను. తర్వాత ముత్తాతగారి పేరు కొట్టాను. మూడు పుస్తకాల్లోనూ ఒక్కటీ రాలేదు. నాన్న పొరబడ్డారేమో అనుకుని రెండు వారాలు ఆ ఊసే ఎత్తలేదు. అసలు ప్రమాదం ఇదే. అక్షరం చదవలేకపోయానని ఆ ఫైలు చెప్పదు. 'దొరకలేదు' అంటుంది, మనం 'లేదు' అనుకుంటాం.

ఒకరోజు ఆ విడి కాగితాలు సర్దుతుంటే ఆయన పేరు కంటబడింది. అచ్చులో 'శమ౯' అని ఉంది. పాత తెలుగు అచ్చులో ర్మ, ర్త, ర్య లాంటివాటిలో 'ర్'కు బదులు వలపలగిలక అనే గుర్తు వాడేవారు. అక్షరం పక్కన నిలబడే ఆ గిలక అచ్చం తెలుగు తొమ్మిది అంకెలా ఉంటుంది. వాళ్ళ ఓసీఆర్, అంటే పేజీ బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టి టెక్స్టుగా మార్చే సాఫ్ట్‌వేర్, దాన్ని ఒకచోట 'శమకా' అనీ, ఇంకోచోట 'శమ 6' అనీ చదివింది. నేను 'శర్మ' అని ఎన్నిసార్లు వెతికితే ఏం లాభం? అరసున్నలు మామూలు సున్నలయ్యాయి. బండి ఱ ఒక్కోచోట ఒక్కో అక్షరమయింది. పంక్తి చివర పేరు విరిగినచోట రెండు ముక్కలూ ఎక్కడివక్కడే ఉండిపోయాయి. పక్కపక్క కాలమ్‌లను అడ్డంగా చదివేయడంతో సగం పెళ్ళివార్త, సగం సరుకుల ధరలు ఒకే పేరాలో కలిసిపోయాయి.

ఇక '99 శాతం కచ్చితంగా ఉంటుంది' అన్న మాట. అక్షరాల్లోనా, పదాల్లోనా అని అడగండి, నేను అడగలేదు. పేజీలో 20,000 అక్షరాలుంటే 99 శాతం అంటే 200 తప్పులు. పాత కాగితం మీద అది 90 శాతానికి పడిపోయిందనుకోండి. తప్పులు సమానంగా చెదిరి ఉంటే, 12 అక్షరాల పేరు ఒక్క తప్పూ లేకుండా రావడానికి 28 శాతమే అవకాశం. పైగా నిఘంటువులో ఉన్న మాటను సాఫ్ట్‌వేర్ సరిదిద్దుకోగలదు, ఇంటిపేరును సరిదిద్దలేదు. అందుకే 'సభ' దొరికింది, మనిషి దొరకలేదు.

నన్ను బాగా బాధపెట్టింది మాత్రం మా చిన్నతాత మరణవార్త. ఆ కాగితం కుడివైపు అంచు ఎప్పుడో పురుగు తినేసింది. మిగిలినవి మూడు పంక్తుల మొదళ్ళు: 'స్వల్ప అస్వ', 'వారము ఉద', 'మున పర'. వాళ్ళిచ్చిన టెక్స్టులో 'స్వల్ప అస్వస్థతతో ఆదివారము ఉదయము స్వగృహమున పరమపదించిరి' అని నిండు వాక్యం ఉంది. ఆ 'ఆది' ఎక్కడినుంచి వచ్చింది? ఆదివారం నుంచి శనివారం దాకా ఏదైనా కావచ్చు. గట్టిగా అడిగితే, ఓసీఆర్ అయ్యాక ఏఐతో 'శుభ్రం చేయించాం' అన్నారు. ఎక్కడ చదివారో, ఎక్కడ పూరించారో గుర్తు ఒక్కటీ లేదు. మా అన్నయ్య అప్పటికే క్యాలెండర్ చూసి తేదీ కట్టి వంశవృక్షంలో ఎక్కించేశాడు. దాని నకళ్ళు బంధువులందరికీ వెళ్ళిపోయాయి. ఇప్పుడు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి ఆ తేదీ కొట్టేయమని చెబుతున్నాం.

స్కాన్ చేసిన పేజీల బొమ్మలు ఉన్నాయి కదా, వాటితో పోల్చుకోవచ్చు అంటారేమో. వాళ్ళిచ్చినవి బాగా కుదించిన నలుపు తెలుపు బొమ్మలు. ఫైలు సైజు తగ్గించే ఒక పద్ధతిలో, ఒకేలా ఉన్నాయనిపించిన అక్షరాలన్నిటికీ ఒకే ముద్ర వాడతారు. దీనివల్ల కొన్ని స్కానర్లు 6ను 8గా మార్చేస్తున్నాయని జర్మనీకి చెందిన కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ క్రీసెల్ 2013లో బయటపెట్టారు. అక్కడ ఓసీఆర్ ప్రమేయమే లేదు, మారింది బొమ్మే. పుట్టిన ఏడాది, వయసు కోసం వెతికేవాళ్ళకు ఇది చిన్న విషయం కాదు.

కాబట్టి, పుస్తకాలు చేతికివ్వకముందే మీ దగ్గరున్న వాటిలో బాగా పాడైన రెండు పేజీలు ఎంచి నమూనాకు ఇవ్వండి. వాళ్ళు ఎంచుకున్న మంచి పేజీ నమూనా కాదు. ఆ రెండు పేజీల్లో ఉన్న పది పేర్లు మీరే ముందుగా రాసి పెట్టుకుని, తిరిగొచ్చాక వెతకండి. బొమ్మల విషయంలో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ పాత పత్రికల డిజిటల్ పథకం 300 నుంచి 400 డీపీఐలో (అంగుళానికి అన్ని చుక్కలు), 8 బిట్ గ్రేలో (ఉత్త నలుపు తెలుపు కాకుండా బూడిద ఛాయలతో), కుదించని టిఫ్ రకం బొమ్మ ఫైళ్ళు అడుగుతుంది. మీరూ అదే అడగండి. ఏఐ ముట్టుకోని ముడి ఓసీఆర్ విడిగా కావాలనీ, కుట్టు విప్పకూడదనీ కాగితం మీద రాయించుకోండి. టెక్స్టు యూనికోడ్‌లోనే, అంటే ఏ కంప్యూటరైనా తెలుగు అక్షరాలుగా గుర్తించే సంకేతాల్లోనే, ఉండాలి. అచ్చుపనికి వాడే పాత డీటీపీ ఫాంట్లలో ఇస్తే కంటికి తెలుగే, వెతుకులాటకు కాదు. ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం ట్రోవ్ అనే తన వెబ్‌సైటులో పేజీ బొమ్మ పక్కనే టెక్స్టు పెట్టి, తప్పులుంటే పాఠకులనే దిద్దమంటుంది. అంత పెద్ద గ్రంథాలయమే తప్పులుంటాయని ఒప్పుకుంటుంటే, మా దగ్గర తప్పే ఉండదనేవాళ్ళను ఎలా నమ్మాలి?

ఇప్పటికే చేయించుకున్నవాళ్ళు పూర్తి పేరుతో వెతకడం ఆపి, పేరులో రెండు మూడు అక్షరాల ముక్కలతో వెతికి చూడండి. ఊరిపేరుతో, వృత్తితో, 'కుమారుడు', 'అల్లుడు' లాంటి మాటలతో కూడా ప్రయత్నించండి. వాటి దగ్గర్లో పాడైన పేర్లు బయటపడుతున్నాయి.

మా ముడి ఓసీఆర్ ఇమ్మని అడిగితే దాచిపెట్టుకోలేదు, ఇప్పుడు లేదన్నారు, ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు. ఇప్పుడు నేనూ అన్నయ్యా ఒక్కో పేజీ మళ్ళీ ఫొటో తీసి, కళ్ళతో చదివి పేర్లు పట్టీలో ఎక్కిస్తున్నాం. మొదటి పుస్తకంలో ఇప్పటిదాకా ముత్తాతగారి వార్తలు నాలుగు దొరికాయి.