ఫ్యామిలీసెర్చ్: ఫ్రీయే, కానీ మన తాతముత్తాతలు అందులో దొరకరు

వంశవృక్షం పిచ్చి పట్టినవాళ్ళంతా ఎప్పుడో ఒకప్పుడు ఫ్యామిలీసెర్చ్ అనే వెబ్‌సైట్ దగ్గర తేలతారు, ఎందుకంటే పైసా కట్టక్కర్లేదు, ఖాతా తెరిస్తే చాలు. అమెరికాలో మోర్మన్ చర్చి నడిపే సంస్థది ఇది, ఆ సంస్థ 1894లో మొదలైంది, 1938 నుంచి ప్రపంచమంతా తిరిగి పాత రిజిస్టర్లను మైక్రోఫిల్మ్ తీస్తూ వచ్చారు.

అంత సరుకు ఉంది కదా అని తాతగారి పేరు, గుంటూరు జిల్లా అని కొట్టారనుకోండి, పనికొచ్చేది రావడం చాలా అరుదు. యూరప్‌లో పుట్టుక, పెళ్ళి, చావు చర్చి పుస్తకాలకెక్కాయి. మన ఇళ్ళల్లో ఎవరైనా రాస్తే పంచాంగం అంచున రాసిన తిథే. హరిద్వార్ పండాల (తీర్థ పురోహితుల) బహీలు, అంటే యాత్రికుల వంశాలు రాసుకున్న పుస్తకాలు, ఇందులో ఉన్నాయి గానీ అవి ఎక్కువగా ఉత్తరాది కుటుంబాలకు పనికొచ్చేవి. చిత్రమేమిటంటే 1860 నుంచి 1911 దాకా మద్రాసులో ఓడెక్కి దక్షిణాఫ్రికాలోని నటాల్ చెరుకు తోటలకు కూలికి పోయినవాళ్ళకు ఓడ జాబితాల్లో తండ్రి పేరు, వయసు, కులం, ఊరు రాసి పెట్టారు. ఊళ్ళోనే ఉండిపోయిన అన్నదమ్ములకు ఆ పాటి ఆధారం కూడా లేదు.

మరి ఎందుకు వాడాలంటే, చెట్టు కట్టుకోవడానికి. ఇక్కడ మాత్రం బాగుంది. దత్తత వెళ్ళినవాళ్ళకు కన్నవాళ్ళనీ పెంచినవాళ్ళనీ ఇద్దరినీ పెట్టొచ్చు, ఏది ఏ బంధమో విడిగా రాయొచ్చు. మేనరికాలకు కూడా తట్టుకుంటుంది: అమ్మ సొంత మేనమామను చేసుకుంటే నాన్నమ్మే అమ్మమ్మ వాళ్ళమ్మ కూడా అవుతుంది కదా, తరాలను విసనకర్రలా వరసలుగా చూపించే చార్ట్‌లో ఆవిడ ఒక వరసలోనూ, దాని పై వరసలోనూ రెండుసార్లు కనిపిస్తుంది. మొదటిసారి చూస్తే కంగారొస్తుంది, కానీ లెక్క కరెక్టే. ఆడవాళ్ళకు పుట్టింటి ఇంటిపేరే వేయండి, లేకపోతే ఆ కొమ్మ అక్కడితో ఆగిపోతుంది. తాత పేరు మనవడికి పెట్టే ఇళ్ళల్లో మాత్రం పుట్టిన ఏడు ఉజ్జాయింపుగానైనా రాయకపోతే ఇద్దరూ ఒకరే అనుకుని ఎవరో ఒకరు కలిపేసే ప్రమాదం ఉంది.

కలిపేయడం అంటే గుర్తొచ్చింది, పెద్ద ఇబ్బంది ఇదే: పోయినవాళ్ళ చెట్టు అందరిదీ ఒకటే, ఎవరైనా దిద్దొచ్చు. బతికున్నవాళ్ళ వివరాలు బయటివాళ్ళకు కనపడవు, ఆ టెన్షన్ లేదు. నా సలహా, ప్రతి పేరు కింద ఎవరు చెప్పారో, ఏ కాగితంలో చూశారో రాసి పెట్టండి. తద్దినంలో చెప్పే మూడు తరాల పేర్లు, పాత దస్తావేజులో "ఫలానావారి కుమారుడు" అన్న వాక్యం, ఏదైనా సరే. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే రికార్డు చేసి ఆ ఆడియో కూడా ఆ పేరుకే తగిలించొచ్చు, నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

రికార్డులకు 5కి 1, చెట్టుకు 4. డబ్బులు కట్టే సైట్ల జోలికి ఇప్పుడే పోకండి, మన వైపు కాగితాలు వాళ్ళ దగ్గర మాత్రం ఎక్కడివి!