నాలుగేళ్ల తిరుగుడుకు ఒక డబ్బు: మెటల్ డిటెక్టరు సమీక్ష

మా ఊళ్లో దీన్ని ఎవరూ మెటల్ డిటెక్టరు అనరు. లంకెబిందెల మిషను అంటారు. భుజాన వేసుకుని గట్టెక్కితే చాలు, ‘ఎన్ని బిందెలు తగిలాయి?’ అని అడగనివాడు లేడు. నాలుగేళ్లలో చెప్పుకోదగ్గది తగిలింది ఒక్క డబ్బు. అలంకారంగా అనటం లేదు, డబ్బు అని పేరున్న రాగి నాణెమే తగిలింది. దాని కథ తరువాత చెబుతాను. కొనాలనుకునేవాళ్లు ముందు యంత్రం సంగతి వినాలి.

అందరి మొదటి ప్రశ్నా ఒకటే: బంగారం తెలుస్తుందా? తెలుస్తుంది. సిగరెట్ పెట్టెలోని జిలుగు కాగితం కూడా అచ్చం అలాగే తెలుస్తుంది. చిన్న ఉంగరానికీ, మాత్రల అట్ట ముక్కకూ ఈ యంత్రం చూపించే అంకెలో తేడా ఉండదు. తవ్వితే తప్ప ఏదేమిటో చెప్పలేం. చెప్పగలనన్నవాడి దగ్గర కొనకండి.

కంపెనీ పేరు రాయటం లేదు. ముప్పై వేల పైచిలుకు ధరలో, ఒకే ఫ్రీక్వెన్సీ మీద నడిచే యంత్రాలన్నిటి గుణదోషాలూ దాదాపు ఇవే. నాది కిలో మూడు వందల గ్రాముల బరువు. కింద పదకొండు అంగుళాల కాయిల్, పైన చిన్న తెర, చెవులకు హెడ్‌ఫోన్. కాయిల్ నేలలోకి అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది. అడుగున లోహం ఉంటే అందులో సుడి విద్యుత్తు పుట్టి, దాని జవాబు కొంచెం ఆలస్యంగా కాయిల్‌కు చేరుతుంది. ఆ ఆలస్యాన్ని కొలిచి, అది ఏ రకం లోహమో తెర మీద 0 నుంచి 99 దాకా ఒక అంకెగా చూపుతుంది. కింది అంకెలు ఇనుము, పై అంకెలు రాగి, వెండి. చదవటానికి ఎంత సుఖంగా ఉందో చూడండి.

చేలో దిగాక ఆ సుఖం ఉండదు. పెట్టెతో వచ్చిన పుస్తకంలోని అంకెల పట్టీ అమెరికా నాణేల కోసం తయారుచేసింది. మన రూపాయి 1992 నుంచి స్టెయిన్‌లెస్ స్టీలుదే. దాని మీద కాయిల్ తిప్పితే ఒకసారి ఇనుమంటుంది, ఇటు తిరిగి వచ్చేసరికి వెండంటుంది. అంచులు వంకీలు తిరిగిన పాత పది పైసలు, ఆరు మూలల ఇరవై పైసలు అల్యూమినియంవి కనుక వాటి లెక్క వేరు. నేను చేసిన పని ఏమిటంటే, ఇంట్లో దొరికిన ప్రతి నాణేన్నీ పెరట్లో బెత్తెడు లోతున పాతి, అంకె చూసి నోటు పుస్తకంలో రాసుకున్నాను. చిల్లు కాణీ దగ్గర్నుంచి పది రూపాయల బిళ్ల దాకా. ఒక్క మధ్యాహ్నం పని. కొన్నవాళ్లు మొదటి రోజే ఇది చేయండి, పట్టీని పక్కన పడేయండి.

లోతు విషయంలో ప్రకటనలు నమ్మకండి. పెద్ద రాగి నాణెం జానెడు లోతులో ఉంటే నాది వినిపించగలదు. ఆపైన గుసగుస, ఆపైన ఏమీ లేదు. వరి చేలో ఆ జానెడు కూడా దక్కదు. దాళ్వా కోతలయ్యాక నేల ఆరి తిరగటానికి బాగుంటుంది కాని, కోత మిషను వదిలిన కొయ్యకాళ్లు కాయిల్‌ను నేలకు ఆననివ్వవు. కొయ్యకాళ్లు ఎంత ఎత్తుంటే లోతు అంత తగ్గినట్టే. సార్వా రోజుల్లో చేలో దిగే మాటే లేదు.

మాది నరసాపురం దగ్గర, మాధవాయపాలేనికి ఎంతో దూరం లేదు. ఇంగ్లీషువాళ్లు దాన్నే మదపోలం అన్నారు. పదిహేడో శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ బట్టల వ్యాపారానికి అక్కడ గిడ్డంగి పెట్టింది, ఒక రకం నూలుబట్టకు ఆ ఊరి పేరే నిలిచిపోయింది. పాలకొల్లులో డచ్చివాళ్లు, యానాంలో ఫ్రెంచివాళ్లు. ఇంతమంది సంచులు విప్పి లెక్కలు చూసుకున్న చోట అడుగడుగునా నాణేలు రాలి ఉంటాయని నా లెక్క. మిషను కొన్నది ఆ లెక్క మీదే.

ఆ లెక్కలో గోదావరిని మరిచిపోయాను. డెల్టా అంటేనే నది మోసుకొచ్చి పరిచిన ఒండ్రు. వరద వచ్చినప్పుడల్లా ఒక పొర. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక కాలువ నీళ్లతో వచ్చే మట్టి, ఏటేటా బోదెల పూడిక తీసి చేలల్లో చల్లే మట్టి. రెండు వందల ఏళ్ల కిందటి నేల ఇప్పుడు ఎక్కడో కింద ఉంది, నా యంత్రం పైన జానెడు చూస్తోంది. మొదటి రెండేళ్లలో నాకు దొరికినవన్నీ మా తాతగారి కాలం నాటివే: లాడాలు, మేకులు, కొడవలి ముక్కలు, ఎద్దుల మెడ మువ్వ ఒకటి, కాణీలు నాలుగు. వాటికి ఒకటికి పదిగా సోడా మూతలు.

సముద్రం ఒడ్డు ఇంకా కష్టం. పేరుపాలెం, అంతర్వేది తీరాల్లో పొడి ఇసుక మీద బాగానే నడుస్తుంది. తడి ఇసుక మీదికి వెళ్లగానే ఉప్పునీరే లోహంలా కనపడి కీచుమంటూనే ఉంటుంది. ఒకే ఫ్రీక్వెన్సీ యంత్రాలన్నిటికీ ఉన్న జబ్బే ఇది. బీచ్ కోసమే కొనేవాళ్లు డబ్బు మరికొంత పోగేసి, ఒకేసారి పలు ఫ్రీక్వెన్సీలు వాడే రకం తీసుకోవటం మేలు. మా చౌడు నేలల్లోనూ కొంచెం ఇదే గోల. నేలకు తగ్గట్టు సర్దే గ్రౌండ్ బ్యాలెన్స్‌ను ప్రతి చేనుకూ కొత్తగా చేసుకోవాలి.

కరెంటు సంగతి ఏ పుస్తకంలోనూ ఉండదు. రొయ్యల చెరువుల మధ్య తిరిగితే ఏరేటర్ల మోటార్లు, పైన లైన్లు కలిసి యంత్రం చెవిలో జోరీగ అవుతుంది. ఎంత చిన్న సంకేతానికి పలకాలో సర్దే సెన్సిటివిటీని సగానికి దించితే ఊరుకుంటుంది, లోతూ తగ్గుతుంది. అందుకే మా వైపు కరెంటు పోయిన గంట నాకు బంగారం. ఊరంతా విసుక్కుంటుంటే నేను హెడ్‌ఫోన్ తగిలించుకుని బయలుదేరతాను.

ఇక ఆ డబ్బు కథ.

మూడేళ్ల కిందట వేసవిలో అన్నయ్య రెండెకరాల పల్లపు చేనును చేపల చెరువుగా తవ్వించాడు. పొక్లెయిన్ ఆరడుగుల దాకా తోడి, చుట్టూ గట్టు పోసింది. అది చూస్తుండగానే నాకు వెలిగింది. మొదట తీసిన పై మట్టి గట్టు అడుక్కి పోతుంది, చివర తీసిన అడుగు మట్టి గట్టు నెత్తిన పడుతుంది. గోదావరి అంతకాలం కప్పినదాన్ని ఆ యంత్రం నాలుగు రోజుల్లో బోర్లించి పెట్టింది. నా మిషనుకు అందే జానెడులోకి పాత నేల వచ్చింది.

ఆ గట్టును రెండుసార్లు దువ్వాను. ఏమీ లేదు. ఎందుకు లేదంటే నేను బద్ధకస్థుణ్ని. మేకుల బాధ పడలేక, ఇనుము మోత వినపడకుండా డిస్క్రిమినేషన్ పెట్టుకుని తిరిగాను. అందరూ మొదట చేసే తప్పే ఇది. నాణెం పక్కనే మేకు ఉంటే యంత్రం మేకును అణచివేయబోయి నాణేన్ని కూడా మింగేస్తుంది. మనకు వినిపించేది నిశ్శబ్దం.

పోయిన మే నెలలో, కరెంటు లేని ఒక పొద్దున, ఇనుము మోతతో సహా అన్నీ వినిపించేలా పెట్టి మూడోసారి వెళ్లాను. గంటన్నర సేపు చెవుల్లో బొంగురు మూలుగులే. తూర్పు గట్టు మలుపులో ఒక మూలుగు చివర సన్నగా, పిట్ట కూసినట్టు ఒక ధ్వని. ఉత్తరం దక్షిణంగా తిప్పితే ఇనుమే. తొంభై డిగ్రీలు పక్కకు జరిగి తూర్పు పడమరగా తిప్పితే పిట్ట మళ్లీ కూసింది. అంకె నిలకడగా లేదు, 30కీ 80కీ మధ్య గెంతుతోంది. పట్టీని నమ్మేవాడైతే వదిలేసి పోయేవాడు. బొరిగతో మెల్లగా తవ్వితే ముందు తుప్పుపట్టిన పొడుగు మేకు, దాని పక్కన అంచు మీద నిలబడి ఆకుపచ్చ బిళ్ల.

ఇంటికి తెస్తే అమ్మ చింతపండు తీసింది, ‘తోమితే తళతళలాడుతుందిరా’ అంటూ. దేవుడి సామాను తోమే చేతికి రాగి కనపడితే ఆగదు. నేను అడ్డుపడ్డాను. అంతకుముందు విక్టోరియా కాణీ ఒకటి అలాగే ఆవిడ చేతిలో పడి, అద్దంలా మెరిసి, ఎవరికీ పనికిరాకుండా పోయింది. ఆ ఆకుపచ్చ పొరే రాగి నాణేనికి కవచం. దీన్ని మాత్రం మంచినీళ్లలో నానబెట్టి, మట్టి దానంతట అది వదిలేదాకా ఊరుకున్నాను. మూడో రోజు రాత్రి ఫోను లైటు ఏటవాలుగా పట్టుకుంటే అక్షరాలు లేచాయి: ఇంగ్లీషులో ‘నలభై ఎనిమిదికి ఒక రూపాయి’ అని, 1794 అని.

అది చదివాక నాకు నిద్ర పట్టలేదు. ఉత్తర సర్కారులు, అంటే మా కోస్తా జిల్లాలు, ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాక ప్రత్యేకంగా ఈ జిల్లాల కోసమని ఇంగ్లండులో కొట్టించిన నాణెం అది. బర్మింగ్‌హామ్ దగ్గర మాథ్యూ బౌల్టన్ సోహో టంకశాలలో, ఆవిరి యంత్రాల మీద అచ్చువేసి, ఓడలకెత్తి మద్రాసుకు పంపినది. మన పెద్దవాళ్లు డబ్బు అన్నది ఇలాంటి రాగి బిళ్లనే. ఇంగ్లీషు దస్తావేజులు ఆ మాటనే డబ్ అని రాసుకున్నాయి. ఇప్పుడు మనం కోట్ల రూపాయలను కూడా డబ్బు అంటున్నాం. రూపాయిలో నలభై ఎనిమిదో వంతు మాత్రమే అయిన ఈ బిళ్ల అన్నయ్య గట్టు మీద మేకు పక్కన నక్కి ఉంది. ఏ సంతలో ఎవరి మొలనుంచి జారిందో!

అరుదైనదేనా? మాకు అరుదే. నాణేలు సేకరించే మాస్టారు ఒకరు చూసి, ఇదే నాణెం ఇంకా మంచి స్థితిలో ఉన్నది తన దగ్గర ఉందని చెప్పి నా గాలి తీశారు. మట్టిలో అరిగినదానికి పెద్ద ధర ఉండదన్నారు. వస్తువు అమ్మితే వచ్చేది మిషను ధరకు ఏ మూలకూ రాదు. సంపాదన కోసం కొనేవాళ్లు ఈ ఒక్క వాక్యం రెండుసార్లు చదవండి.

చట్టం సంగతి కూడా చెప్పాలి. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇప్పటికీ ఉంది. నేలలో దాగి దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే ఏం దొరికింది, ఎక్కడ, ఎప్పుడు అనేది కలెక్టరుకు రాసి ఇవ్వాలి. వస్తువును ఖజానాలో జమ చేయాలి, లేదా అడిగినప్పుడు తెస్తానని పూచీ ఇవ్వాలి. దాచిపెడితే జైలు శిక్ష దాకా ఉంది. పది రూపాయలంటే ఆనాటి పది రూపాయలు. చట్టం మాత్రం అంకె మార్చుకోలేదు. నేను అర్జీ పట్టుకుని వెళ్లిన కార్యాలయంలో గుమాస్తాగారు కవరు విప్పి చూసి, ‘ఒకటేనా? బిందె ఏదీ?’ అన్నారు. రసీదు కోసం మూడుసార్లు తిరిగాను.

ఆ చట్టంలోనే ఇంకో తమాషా ఉంది. సొత్తు ఎవరిదీ కాదని తేలితే, దొరికినవాడికీ నేల యజమానికీ వేరే ఒప్పందం లేనప్పుడు, ముప్పావు వంతు దొరికినవాడిది, పావు వంతు నేల యజమానిది. ఈ మాట నేనే నోరు జారి అన్నయ్యకు చెప్పాను. అప్పటినుంచి ఎక్కడ కనపడినా, ‘ఏరా, నా పావు డబ్బు ఎప్పుడిస్తావు?’

కొన్నాళ్లకు ఎవరో రాత్రిపూట ఫోను చేసి, పాడుబడిన గుడి ఒకటుంది, మిషను తెస్తే సగం నీదన్నారు. పెట్టేశాను. ద్రాక్షారామం లాంటి రక్షిత కట్టడాల దరిదాపులకు దీన్ని తీసుకుపోనేకూడదు. అక్కడ మట్టి కదిపినా నేరం. గుప్తనిధుల ముఠాల వల్ల మిషను పట్టుకున్న ప్రతివాడూ దొంగలాగే కనపడుతున్నాడు. నేను తిరిగేది మా చేలల్లో, అడిగి ఒప్పుకున్నవాళ్ల చేలల్లో. తవ్విన గుంట పూడ్చకుండా కదలను.

యంత్రం ఎలా నిలిచిందంటే, కాయిల్‌కు ఢోకా లేదు. బ్యాటరీ మొదట్లో పన్నెండు గంటలు వచ్చేది, ఇప్పుడు ఏడు. చార్జింగ్ రంధ్రం మీది రబ్బరు మూత రెండో ఏడే చిట్లింది; సేవా కేంద్రానికి రాసిన రెండు ఉత్తరాలకు జవాబు లేదు, సైకిల్ ట్యూబు ముక్కతో నేనే కప్పుకున్నాను. గొట్టం బిగింపుల్లో బంకమన్ను చేరి వదులవుతుంది, ప్రతిసారీ కడగాలి. గుంటలో వస్తువు సరిగ్గా ఎక్కడుందో చూపే చిన్న చేతి యంత్రం, పిన్‌పాయింటర్, విడిగా కొనక తప్పదు. బురదలో అది లేకుండా వెతకటమంటే ధాన్యం రాశిలో ముక్కుపుడక కోసం వెతకటమే.

అన్నట్టు, అంత పనీ చేశాను. నాట్లు వేస్తుండగా మా వీధి పిన్నిగారి చెవి కమ్మ బురదలో పడిపోయింది. రెండు రోజుల తరువాత నాకు కబురొచ్చింది. చేలో చెత్త లేదు, వెతకాల్సిన చోటు తెలుసు. నలభై నిమిషాల్లో చేతిలో పెట్టాను. ఆవిడ ఏడ్చేసి, చక్రకేళీ గెల ఒకటి ఇంటికి పంపింది. ట్రాక్టరు పిన్నులు, పోయిన తాళంచెవులు, పైపులైను మూతలు ఇలా వెతికిపెట్టినవి ఇరవైకి పైగా ఉంటాయి. ఐదుకు మూడున్నర మార్కులు వేస్తున్నానంటే వీటి వల్లే. నాణెం లెక్కన వేస్తే రెండు వేసేవాణ్ని.

ఫైలు ఇంకా కార్యాలయంలోనే ఉంది. నాణెం పూచీకత్తు మీద మా బీరువాలో, కాగితం పొట్లంలో ఉంది. ఈ వేసవిలో అన్నయ్య పక్క ఎకరం కూడా తవ్విస్తున్నాడు. చివరి రోజు తీసే అడుగు మట్టిని పడమటి గట్టు మీద విడిగా పోయించమని అడిగాను. డీజిలు ఖర్చు నేను పెట్టుకుంటే సరేనన్నాడు, పావు వంతు మాట మళ్లీ గుర్తుచేసి.