'రోత్కో చాపెల్' సీడీ: ఫ్యాను కట్టేసి వినాల్సిన సంగీతం

ముందే చెబుతున్నాను, ఈ సీడీ పెట్టాలంటే ఫ్యాను కట్టేయాలి. పెదవాల్తేరులో మే నెలలో అది జరిగే పని కాదు, చలికాలం చూసుకుని కొనుక్కోండి. మొదటి పాతిక నిమిషాలు సంగీతం అంత సన్నగా నడుస్తుంది. మా ఆయన వంటింట్లోంచి వచ్చి "ఇదింకా మొదలవలేదా?" అన్నారు. అప్పటికి సగం అయిపోయింది.

ఈసీఎం కంపెనీ 2015లో తెచ్చిన ఆల్బమ్ ఇది. అసలు రచన అమెరికన్ స్వరకర్త మోర్టన్ ఫెల్డ్‌మన్‌ది, 1971 నాటిది. అమెరికాలోని హ్యూస్టన్‌లో 'రోత్కో చాపెల్' అని ఎనిమిది పలకల ప్రార్థనా మందిరం ఒకటుంది. లోపల విగ్రహాల్లేవు, చిత్రకారుడు మార్క్ రోత్కో వేసిన 14 పెద్ద కాన్వాసులే. రోత్కో 1970లో పోయారు, మరుసటి ఏడాది మందిరం తెరిచారు. స్నేహితుడి బొమ్మల మధ్య వినిపించడానికే ఫెల్డ్‌మన్ దీన్ని రాశారు. ఆ బొమ్మలు ఫోన్లో చూస్తే ఉత్త నలుపు. కాసేపు చూపు నిలిపితే అందులోంచి ఊదా, ముదురెరుపు పైకి తేలతాయి. సంగీతమూ అంతే, తొందరపడితే ఏమీ దొరకదు.

చర్చి క్వయర్‌లో (గాయక బృందంలో) ఆల్టో, అంటే ఆడవాళ్లలో కింది స్థాయి గొంతు, పాడేదాన్ని, నా చెవి ముందు గాయకుల మీదికే పోతుంది. హ్యూస్టన్ ఛాంబర్ క్వయర్‌కి ఇందులో పాడటానికి ఒక్క మాట కూడా లేదు. మాటలుంటే మధ్యలో ఎక్కడో ఊపిరి దొంగిలించొచ్చు, ఇక్కడ ఆ వీలు లేదు. పక్కావిడ ఊపిరి తీసుకునేటప్పుడు మనం తీయకూడదు, ఆమె మళ్లీ అందుకున్నట్టు బయటికి తెలియకూడదు. గట్టిగా పాడమంటే క్రిస్మస్ రాత్రి మేమూ పాడతాం. ఇంత మెల్లగా పాడుతూ శ్రుతి కిందికి జారకుండా నిలబెట్టడం, అమ్మో! ఆ ఒక్కదానికే నేనైతే పూర్తి మార్కులు వేస్తాను.

చివర్లో కిమ్ కష్కషియన్ వయోలా (వయొలిన్ కంటే కాస్త పెద్దది) మీద ఒక చిన్న పాట వాయిస్తారు. ఫెల్డ్‌మన్ తన పదిహేనో ఏట కట్టుకున్న బాణీ అట అది. అంతసేపూ రంగు తప్ప గీత లేని చోట హఠాత్తుగా గీత కనిపిస్తుంది. మరీ తియ్యగా ఉందని ముఖం చిట్లించేవాళ్లు ఉంటారేమో గానీ, నాకు కళ్లు చెమర్చాయి.

ఆ తర్వాత ఫ్రెంచ్ స్వరకర్త ఎరిక్ సతీ, అమెరికన్ స్వరకర్త జాన్ కేజ్ రచనల్ని ఒకదాని వెంట ఒకటి పేర్చడం మాత్రం నాకు నచ్చలేదు. విడిగా వింటే బాగానే ఉంటాయి, కేజ్ 1948లో రాసిన 'ఇన్ ఎ లాండ్‌స్కేప్' అయితే చాలా బాగుంటుంది. కానీ ఆ వయోలా ఆగీ ఆగగానే సతీ పియానో వినే ఓపిక నాకు లేదు. అక్కడ ఆపేసి, మిగతాది ఇంకో రోజు పెట్టుకుంటాను.

ఫోన్ స్పీకర్‌లో మాత్రం వినకండి. మొదట్లో దూరంగా ఉరిమినట్టు వచ్చే డ్రమ్ము అందులో అసలు పలకదు, డబ్బు దండగ.