1967 పాంటియాక్ జీటీఓ, తొమ్మిదేళ్లు నడిపాక

డాలస్‌లో తొమ్మిదేళ్ల కిందట కొన్నా ఈ బండి. 400 క్యూబిక్ అంగుళాల ఇంజను, 335 హార్స్‌పవర్, ఫోర్ స్పీడ్ మాన్యువల్. పద్నాలుగు వేల మైళ్లు తిప్పా, ఎక్కువ శని ఆదివారాలే. దీని పరుగు గురించి అందరూ చెప్తారు కాబట్టి నేను బ్రేకుల దగ్గర మొదలుపెడతా.

ఒకసారి ఆగుతుంది, రెండోసారి ఆలోచించుకుంటుంది. నాలుగు చక్రాలకీ తొమ్మిదిన్నర అంగుళాల డ్రమ్ము బ్రేకులే, వేడెక్కితే పట్టు తగ్గిపోతుంది. కొన్న నెలలోనే ఫ్రీవే మీద ముందు ట్రక్కు సడన్‌గా స్లో అయితే గట్టిగా తొక్కా, ఆగింది, కాసేపటికే మళ్లీ తొక్కాల్సొస్తే పెడల్ గట్టిగానే ఉంది గానీ బండి మాత్రం దాని దారిన అది పోతోంది, పైగా కాలిన వాసన, మా ఆవిడ ఇంటికొచ్చేదాకా నోరు విప్పలేదు.

అసలు దీని పుట్టుకే అలాంటిది. అప్పట్లో పాంటియాక్ యజమాని కంపెనీ జనరల్ మోటార్స్‌లో మిడ్‌సైజు బండికి 330 క్యూబిక్ అంగుళాలు దాటిన ఇంజను పెట్టకూడదని రూలు. 1964కి పాంటియాక్ చీఫ్ ఇంజనీరు జాన్ డిలోరియన్ టీం పెద్ద పాంటియాక్‌ల 389 ఇంజను తెచ్చి మిడ్‌సైజు టెంపెస్ట్‌లో దించేసింది, కొత్త మోడల్ అంటే పైవాళ్లు అడ్డుపడతారని 295 డాలర్ల జీటీఓ ఆప్షన్ ప్యాకేజీ అని పేరు పెట్టారు. ఐదు వేలు అమ్మితే చాలనుకుంటే 32 వేల పైనే అమ్ముడుపోయాయి. ఇంకేముంది, అందరూ దిగారు, ఓల్డ్స్‌మొబైల్ 442, షెవర్లే షెవెల్ 396, 1966కల్లా క్రైస్లర్ వాళ్ల 426 హెమీ ఇంజను. ఇంజన్లు అలా పెరుగుతూనే ఉన్నాయి, జీటీఓ ముందు చక్రాలకి డిస్క్ బ్రేకులు మాత్రం 1967లో గానీ రాలేదు, అవీ ఆప్షనే. నా బండి మొదటి ఓనరు డిస్కులు వద్దనుకుని హుడ్ టాక్ తీసుకున్నాడు మహానుభావుడు. అంటే ఆర్‌పీఎం మీటర్ అద్దం బయట, బానెట్ మీద ఉంటుంది. వాన పడితే లోపల ఆవిరి పట్టి ముల్లే కనపడదు. చూడ్డానికి మాత్రం భలే ఉంటుందిలెండి.

రెండో ఏడు ముందు చక్రాలకి డిస్కులు వేయించా, అప్పట్నుంచే నిజంగా ఎంజాయ్ చేస్తున్నా.

మూడు కార్బ్యురేటర్ల ట్రైపవర్ 1966తో ఆపేశారని చాలామందికి బాధ, నాకైతే హాయి, నాలుగు నోళ్ల కార్బ్యురేటర్ ఒక్క క్వాడ్రాజెట్‌తో వేగడమే గొప్ప. మెల్లగా పోతే ముందున్న రెండు చిన్న నోళ్లతోనే గాలి తాగుతుంది, బుద్ధిమంతురాలు, కాలు నేలకి ఆనించామా వెనకున్న పెద్ద నోళ్లు తెరుచుకుని ఒక్కసారి గొంతు మారిపోతుంది, ఆ శబ్దం కోసమే ఉంచుకున్నా. ఒక షాపులో ట్యూనింగ్‌కిస్తే డబ్బులు తీసుకుని ఉన్నదీ చెడగొట్టారు, అప్పట్నుంచి నేనే విప్పుకుంటున్నా. మైలేజ్ గ్యాలన్‌కి పదకొండు. కంప్రెషన్ ఎక్కువ కాబట్టి 93 ఆక్టేన్ పెట్రోలే పోయాలి, ఏసీ లేదు, టెక్సాస్ ఎండలో నల్ల వినైల్ సీటు మీద కూర్చోవడమంటే పెనం మీద కూర్చోవడమే.

విజయవాడలో ఇరవై ఏళ్లు స్టీరింగ్ పక్కన గేరున్న అంబాసిడర్ నడిపిన మా నాన్న వచ్చినప్పుడు ఎక్కించా. ‘గేరు కిందెక్కడో పెట్టాడేంట్రా’ అన్నారు. పెట్రోలు మూత నంబర్ ప్లేటు వెనక దాక్కునుంటే బంకులో బండి చుట్టూ రెండుసార్లు తిరిగారు.

కొనేవాళ్లకి ఒక్క మాట. 1966 నుంచి జీటీఓ సొంత మోడలే కాబట్టి వీఐఎన్, అంటే బండి గుర్తింపు నంబరు, 242తో మొదలవ్వాలి. 1964, 65వి ఆప్షనే కాబట్టి టెంపెస్ట్‌లోని ల మాన్స్ రకం నంబరే ఉంటుంది, ఫ్యాక్టరీ కాగితాలు చూడకుండా డబ్బులివ్వకండి.